డోసు తగ్గించమన్నారు

పొట్లం కాగితాలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. పసుపు పొట్లమైనా, బఠాణీల పొట్లమైనా, సరుకు డబ్బాలో పోశాక ఆ కాగితాన్ని పారెయ్యబుద్ధి కాదు. మడతలు సాపు చేసి, మరకల మధ్య ఏముందో చూస్తాను. ఒకదాంట్లో ఎవరిదో ఏడో తరగతి లెక్కల నోట్సు ఉంటుంది. ఇంకోదాంట్లో వంకాయ కూర ఎలా చెయ్యాలో సగం వరకూ ఉంటుంది, మిగతా సగం పక్కింటివాళ్ళ పొట్లంలో పోయి ఉంటుంది. బాగున్నవి డైరీలో అంటించి, పక్కన తారీకు వేస్తాను. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మమ్మకు మాత్రం తెలుసు. "ఈ గుంటకి సిత్తుకాగితమైనా సదవాల్సిందే" అని నవ్వేది. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు.

మాది కోటబొమ్మాళికి దగ్గర్లో ఉన్న పల్లె. నాన్న తాపీ పని మీద ఊళ్ళు తిరుగుతారు. అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను రాజాంలో డిగ్రీ చదివి వచ్చి, ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడుతున్నాను. జాకెట్లు కుట్టే పనిలో నాకు నచ్చేదేమిటంటే ఎక్కువ మాట్లాడనక్కరలేదు. కొలత జాకెట్టు ఇచ్చి వెళ్తారు, కుట్టింది తీసుకెళ్తారు.

అమ్మమ్మ మాతోనే ఉంటుంది. నలభై ఏళ్ళు వరి ఊడుపుల్లో వంగిన మనిషి. వంగిన నడుము నిలబడింది గాని మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు ఆ మోకాళ్ళు పటపటమనేవి. వెనక వరసలో ఉన్న నాకు వినిపించేది. లేవడానికి ముందు బెంచీని రెండు చేతులా పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయేది. చూసినవాళ్ళు ఇంకా ప్రార్థనలో ఉందనుకునేవారు.

ఆ మోకాళ్ళ కోసమే డోసులు.

మా వైపు డోసు అంటే ఏమిటో చెప్పాలి. మా వీధి చివర ఒక డాక్టరున్నారు. ఆయన చదివి డాక్టరైన మనిషి కాదు. పట్నంలో ఏదో ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి కాంపౌండరుగా చేసి, ఊరికి తిరిగొచ్చి వైద్యం మొదలుపెట్టారు. నేను డాక్టరు మావ అంటాను. జ్వరమని వెళ్ళినా, ఒళ్ళు నొప్పులని వెళ్ళినా, ఆయన సీసాల్లోంచి ఒక తెల్ల మాత్ర, ఒక పసుపు మాత్ర, ఒక చిన్న గులాబీ మాత్ర తీసి, పాత పత్రిక కాగితం చింపి పొట్లం కడతారు. ఆ పొట్లం ఒక డోసు. "మూడు డోసులియ్యి బాబూ" అని అడిగితే మూడు పొట్లాలిస్తారు. వాటి పేర్లు ఎవరూ అడగరు. మాత్ర అంటే వేరు. అది మెరిసే అట్టలో ఉంటుంది, మందుల షాపులో దొరుకుతుంది, దానికి పేరుంటుంది; అమ్మమ్మ షుగరుకి వేసుకునేది అలాంటిదే. డోసుకి పేరుండదు.

అమ్మమ్మ పొద్దున ఒక డోసు, సాయంత్రం ఒక డోసు వేసుకునేది. అవి వేసుకున్నాకే ఇల్లంతా తిరిగి మా ఇద్దరి మీదా పెత్తనం చేసేది. ఆ పొట్లాల కాగితాలు నాకు చేరేవి. అలా ఒకసారి ఒక సీరియల్లో పేజీ దొరికింది. అందులో ఒకామె భర్తకొచ్చిన ఉత్తరం చింపబోతుంటే వీధి తలుపు చప్పుడవుతుంది. పేజీ అక్కడితో అయిపోయింది. దాన్ని డైరీలో అంటించి, కింద 'ఎవరు వచ్చారు?' అని రాసుకున్నాను.

తర్వాత అమ్మమ్మ పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉండేది. మా వైపు ఆ వాపు చూస్తే ఎవరికైనా ముందు వచ్చేది కిడ్నీ అనుమానమే. ఎదురు వీధిలో ఒకాయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి, మధ్యాహ్నం ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి పడుకుంటాడు. ఆయన చెప్పులు ఆ రెండు రోజులూ గడప దగ్గర ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అమ్మమ్మకు చేయించిన రక్తపరీక్ష కాగితం వచ్చాక, అమ్మ ముందు ఆ చెప్పుల వంకే చూసింది.

శ్రీకాకుళంలో కిడ్నీ డాక్టరు దగ్గరికి నేనూ అమ్మమ్మా వెళ్ళాం. అమ్మకు బడి ఉంది. ఫైలు నేను పట్టుకున్నాను, మాటలు అమ్మమ్మవి. అది మా మధ్య ఎప్పుడూ ఉన్న ఏర్పాటే.

డాక్టరుగారు కాగితాలన్నీ చూసి, కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పారు. తర్వాత అడిగారు.

"నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా అమ్మా?"

"నేదు బాబూ. నొప్పి మాత్రలు నానెప్పుడూ మింగనేదు."

అమ్మమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. అంత ధీమాగా చెప్పేసరికి నాకే అనుమానం వచ్చింది. డోసుల మాట చెబుదామని నోరు తెరిచాను. డాక్టరుగారు నా వైపు చూశారు. ఆ చూపుకి ఎప్పటిలాగే తల దించుకుని ఫైలు తాడు సర్దుకున్నాను. ఆయన మళ్ళీ కాగితం వైపు తిరిగారు.

"షుగరు మందు డోసు తగ్గిస్తున్నాను. కిడ్నీలు నెమ్మదిగా పనిచేస్తుంటే మందు ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు, లోపలే పేరుకుపోతుంది. అందుకని ఇంతకుముందు వేసుకున్నంత వెయ్యకూడదు. రోజుకి రెండు కాదు, ఒకటే. ఉప్పు తగ్గించాలి."

నేను డైరీలో గబగబా రాసుకున్నాను: డోసు తగ్గించాలి. రోజుకి ఒకటే. ఉప్పు కూడా తగ్గించాలి.

బస్సులో అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుని, "ఆ బాబు ఏటేటి సెప్పినాడో సదివి ఇనిపించు" అంది. నేను రాసుకున్నది రాసుకున్నట్టు చదివాను. ఆమె శ్రద్ధగా తలూపింది.

"ఎండు సేపలు మానీమన్నాడేటి?"

"ఉప్పు తగ్గించమన్నారు."

"అదే గదే. ఎండు సేపలో ఉప్పు తీసేస్తే ఇంకేటుంటాది, ముల్లు తప్ప."

నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. డోసుల సంగతి నేనూ ఎత్తలేదు. డాక్టరుగారు అంత చెప్పాక ఇంక వేసుకోదులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అక్కడ మాట్లాడనందుకు నాకు నేను సర్దిచెప్పుకున్న మాట అది.

రెండు నెలలు బాగానే గడిచాయి. అట్ట మాత్రలు అమ్మ డబ్బాలో సర్దేది. షుగరు మాత్ర పొద్దున ఒక్కటే. పప్పులో ఉప్పు తగ్గింది. చోడి అంబలిలో, అదే రాగి జావలో, ఉప్పు వెయ్యకపోతే అమ్మమ్మ మొహం చిన్నబుచ్చుకుని తాగేది గాని తాగేది. కిటికీ గూట్లో ఎప్పుడూ ఉండే డోసు పొట్లాలు కనిపించడం మానేశాయి. నాకు నిశ్చింతగా ఉండేది.

రెండో రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తగ్గకపోగా పెరిగింది. డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. అన్నీ సరిగ్గా వాడుతున్నా ఎందుకు పెరుగుతోందో అర్థం కావడం లేదన్నారు. వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఇలాగే పెరుగుతూ పోతే డయాలసిస్ సంగతి ఆలోచించుకోవలసి ఉంటుందని మెల్లగా అన్నారు. తిరుగు బస్సులో అమ్మమ్మ ఏమీ చదివించుకోలేదు. ఊళ్ళో దిగాక ఎదురు వీధి గుండా కాకుండా చుట్టు తిరిగి ఇంటికి నడిచింది.

ఆ ఆదివారం చర్చికి బయలుదేరేటప్పుడు అమ్మమ్మ తన బైబిలు నా చేతికిచ్చి చెప్పులు వేసుకోబోయింది. దానికి జిప్పు ఉన్న నల్ల కవరు. జిప్పు సగం తెరిచి ఉంటే మూద్దామని చూశాను. లోపలి అరలో మడిచిన కాగితం ఒకటి కనిపించింది. మడత విప్పి, అలవాటు చొప్పున చదివాను.

'తలుపు తీసేసరికి ఎదురుగా ఆడపడుచు' అని మొదలైంది.

ఒక్క క్షణం నాకు పట్టలేని సంతోషం కలిగింది. ఎవరు వచ్చారో తెలిసింది. ఆ ఉత్తరం ఆమె కొంగు చాటుకి ఎలా పోయిందో, ఆడపడుచు ఏమందో, అక్కడే గుమ్మంలో నిలబడి చివరి దాకా చదివేశాను. తర్వాతే బుర్రకి తట్టింది. మొదటి పేజీ దొరికింది మేం శ్రీకాకుళం వెళ్ళకముందు. ఈ పేజీ ఇంట్లోకి ఎప్పుడు వచ్చింది? కాగితం అడుగున తెల్లటి పొడి ఇంకా అంటుకుని ఉంది. అర లోపల ఇంకో రెండు పొట్లాలు విప్పకుండా ఉన్నాయి.

"అమ్మమ్మా, ఇవేమిటి?"

"ఏటే? డోసులు. కొత్తగా సూస్తన్నట్టు అడుగుతావేటి?"

"ఇంకా వేసుకుంటున్నావా?"

"ఏసుకోమన్నాడు గదా." చెప్పులో కాలు పెట్టబోతూ ఆగి నా వైపు తిరిగింది. "డోసు తగ్గించమన్నాడు. పొద్దునొకటీ సాయంత్రమొకటీ ఏసుకునీదాన్ని. ఆ బాబు ఒకటే అన్నాడని ఒకటే సేసినాను. సాయంత్రం మోకాల్లు గుంజుతున్నా పల్లు బిగపట్టి ఊరుకుంతన్నాను. రోజుకి ఒకటే గదా, పోకుండా ఉంటాదని ఇందులో పెట్టుకున్నాను."

"అది షుగరు మందు గురించి చెప్పారు అమ్మమ్మా."

"షుగరు మాత్ర మాటేటి? అది మీయమ్మ సూసుకుంటాది. మాత్ర మాత్రే, డోసు డోసే. నువ్వే గదే బుక్కులో రాసి బస్సులో సదివినావు. డోసు తగ్గించాల, రోజుకి ఒకటే అని. నానేటి, సెవిటిదాన్నా?"

డైరీ తెచ్చి చూశాను. నిజమే. నేను రాసిన వాక్యంలో షుగరు అన్న మాటే లేదు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మమ్మకు ఎందుకో అర్థం కాలేదు. ముందు కోపగించుకుంది, తర్వాత కంగారుపడింది, తర్వాత నా పక్కనే గడప మీద కూర్చుంది. చర్చి గంట వినిపించింది గాని మేమిద్దరం లేవలేదు. ఆ పొట్లంలో ఉన్నవి నొప్పి మాత్రలే అయి ఉంటాయని, నొప్పి మాత్రలు జబ్బుపడ్డ కిడ్నీలకు చెడ్డవని, డాక్టరుగారు మొదటి రోజు అడిగింది వాటి గురించేనని, నాకు తెలిసినంత మేరకు చెప్పాను. అంతసేపు నేను ఆగకుండా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదనుకుంటాను.

"మరి ఆ బాబు అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు గదే. సెప్పనేదేటి?"

"భయమేసింది."

అమ్మమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. "ఇద్దరికిద్దరం సరిపోయినాం" అంది.

డాక్టరు మావ దగ్గరికి వెళ్ళి ఆ మాత్రల పేర్లు తెలుసుకోవాలి. అట్ట లేని మాత్రల్ని చూపిస్తే ఏ డాక్టరు మాత్రం ఏం చెప్పగలరు? మర్నాడు వెళ్ళాను. అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నేను ముందే రాసుకున్న చీటీ ఆయన చేతిలో పెట్టాను.

"ఏటే గుంటా, నోరు నేదేటి? సీటీ రాసి తెచ్చినావు" అని నవ్వి, కళ్ళజోడు పెట్టుకున్నారు. చదువుతుంటే ఆ నవ్వు పోయింది. 'అమ్మమ్మకు కిడ్నీ జబ్బు ఉంది. మీరిచ్చే డోసులో ఏ మందులున్నాయో పేర్లు రాసి ఇవ్వండి' అని రాశాను.

"ముసిల్ది నాకు ఈ మాట సెప్పనేదే. మోకాల్లనే వస్తాది, మోకాల్లనే పోతాది."

"మీరు అడగలేదు గదా మావా."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. అరుగు మీద వాళ్ళు తలలెత్తారు. డాక్టరు మావ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. లోపలికి వెళ్ళి సీసాలు ఒక్కొక్కటే తిప్పి చూసి, మూడు పేర్లూ విడివిడి అక్షరాల్లో రాసి తెచ్చారు. "ఇంక ఆవిడికి నానీ డోసు ఇవ్వను. పెద్ద డాట్రుకి ఇది సూపించు. నానిచ్చినానని సెప్పు, దాసక్కర్నేదు" అన్నారు.

ఆ వారం శ్రీకాకుళంలో ఫైలు అమ్మమ్మ పట్టుకుంది. నేను మాట్లాడాను. మాట్లాడాననడం కన్నా, డైరీలో రాసుకుని వెళ్ళినదాన్ని తలెత్తకుండా చదివాననడం నిజం. డోసు అంటే మా ఊళ్ళో ఏమిటో, ఎన్నేళ్ళుగా వేసుకుంటోందో, తగ్గించమంటే ఏం తగ్గించిందో, నా వాక్యంలో ఏ మాట తప్పిపోయిందో అన్నీ చదివాను. చివర చీటీ బల్ల మీద పెట్టాను.

డాక్టరుగారు చీటీలో మొదటి పేరు కింద గట్టిగా గీత గీశారు. "ఇదీ నేను మొదటి రోజు అడిగింది" అన్నారు. తర్వాత పెన్ను పక్కన పెట్టి, "నొప్పి మాత్రలు అని అడిగాను. పొట్లాలు, డోసులు అని కూడా అడిగి ఉండాల్సింది" అన్నారు. ఆ మాట ఆయన మాకు చెప్పారో, తనకే చెప్పుకున్నారో.

డోసు పూర్తిగా మానెయ్యాలన్నారు. నొప్పి భరించలేనప్పుడు వేసుకోవడానికి వేరే మాత్ర ఒకటి అట్టతో సహా చూపించి, రోజుకి ఎన్నింటికి మించకూడదో రాసిచ్చారు. అది కూడా అవసరమైనప్పుడే. వేడినీళ్ళ కాపడం, నేల మీద కూర్చోకపోవడం. ఆకు మందులూ పసరు మందులూ కూడా తనని అడగకుండా వాడొద్దన్నారు. ఎక్కడికి మందుకి వెళ్ళినా ముందు కిడ్నీ మాట చెప్పాలి, తర్వాతే నొప్పి మాట. ఈసారి నేను ప్రతి మందు పేరూ పూర్తిగా రాశాను. రాసి, ఆయనకే చదివి వినిపించాను. షుగరు మాత్ర దగ్గర ఆయన నవ్వారు.

అమ్మమ్మకు ఇంకో దిగులుంది. "మరి ఆదివారం మోకాల్ల మీద పడి ప్రార్దన సేసుకోవాల గదా బాబూ. డోసు నేకపోతే ఎలగ?"

"కుర్చీలో కూర్చుని చేసుకోండి."

"నువ్వు పాస్టరువేటి, సెప్పడానికి?"

డాక్టరుగారు పెద్దగా నవ్వి, "కాదు గాని, మీ మోకాళ్ళ సంగతి ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు" అన్నారు.

మొదటి రెండు వారాలూ కష్టంగానే గడిచాయి. అమ్మమ్మ మంచం మీంచి లేవడానికి నా భుజం పట్టుకునేది. కాపడం పెడుతుంటే, "సన్నీల్లే గాని ఏడి నేదు" అని ఒకసారి, "సర్మం వూడిపోతాది" అని ఒకసారి తిట్టేది. ఒక సాయంత్రం, "ఒక్క డోసుకి ఏటయిపోద్దే" అని కూడా అడిగింది. ఎదురు వీధి వైపు ఒకసారి చూసి తనే ఊరుకుంది.

చర్చిలో పాస్టరుగారు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ముందు వరస పక్కన వేయించారు. మొదటి ఆదివారం అందరూ మోకరిస్తే తనొక్కతే ఎత్తుగా కూర్చోవడానికి అమ్మమ్మ సిగ్గుపడి, వీలైనంత కిందికి తల వంచేసింది. బయటికి వచ్చాక ఆమె ఈడు ఆవిడ ఒకరు, "ఏటప్పా, మారాణీలాగ కుర్సీ ఎక్కినావు?" అంది.

"నా కిడ్నీలు కూకోమన్నాయి. నీయి ఏటన్నాయో అడిగినావా?" అంది అమ్మమ్మ. ఆవిడ నవ్వింది గాని, నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి, తను వేసుకునే డోసుల గురించి మెల్లగా అడగడం మొదలుపెట్టింది. అమ్మమ్మ నా వైపు చూపించి, "ఆ గుంటనడుగు. దాని బుక్కులో అన్నీ ఉన్నాయి" అంది. ఆ తర్వాతి ఆదివారానికి ముగ్గురి మందుల పేర్లు నా డైరీ వెనక పేజీల్లోకి చేరాయి. ఎవరికీ ఏదీ ఆపమనీ వేసుకోమనీ నేను చెప్పను. పేర్లు రాసిస్తాను, వాళ్ళు పెద్ద డాక్టరుకి చూపించుకుంటారు. జాకెట్టు కొలతల్లాగే, ఉన్నది ఉన్నట్టు.

మూడు నెలలకు పరీక్షలో క్రియాటినిన్ తగ్గింది. మామూలు కాలేదు. పోయింది తిరిగి రాదని డాక్టరుగారు మళ్ళీ చెప్పారు. కాని డయాలసిస్ మాట ఇప్పుడు ఎత్తనక్కరలేదన్నారు. బస్సు దిగాక అమ్మమ్మ ఎదురు వీధి గుండానే నడిచింది. డయాలసిస్‌కి వెళ్ళే ఆయన గడపలో కూర్చుని ఉంటే ఆగి, తినడానికి ఏమిస్తున్నారని వాళ్ళావిణ్ణి అడిగింది. వాళ్ళిద్దరూ ఉప్పు లేని కూరల్ని చాలాసేపు తిట్టుకున్నారు.

ఈ మధ్య డాక్టరు మావ కబురు పెట్టారు. గోడకి అంటించడానికి ఒక కాగితం నా గుండ్రటి అక్షరాలతో రాసిమ్మన్నారు. 'కిడ్నీ వ్యాధిగ్రస్తులు ముందుగా తెలియజేయవలెను' అని ఆయన చెప్పారు. నేను ఆలోచించి, 'కిడ్నీ జబ్బు ఉన్నోలు ఆ మాట ముందు సెప్పండి, నొప్పి మాట తరవాత సెప్పండి' అని రాశాను. ఆయన చదివి, "ఇదేటి, మాటాడినట్టే రాసినావు" అన్నారు. అంటించారు.

వెళ్ళిన పని అయ్యాక, అడగనా వద్దా అని కాసేపు నిలబడి, ఆ పాత వారపత్రిక ఇంకా ఉందా మావా అని అడిగాను. సీరియల్లో ఉత్తరం సంగతి ఏమైందో తెలుసుకోవాలని ఉందన్నాను. ఆయన బల్ల కింద వెతికి, పై అట్టా కింది అట్టా మాత్రమే మిగిలిన పుస్తకం తీసి చూపించారు. మధ్యలో పేజీలు లేవు. అవన్నీ ఎవరెవరి మోకాళ్ళకో వెళ్ళిపోయాయి.

ఇంటికొచ్చి అమ్మమ్మకు చెబితే, "పోన్లే. దాని మొగుడి ఉత్తరం మనకేటికి" అంది.